జాతి, వర్ణం, పాట



2019 వేసవిలో అట్లాంటాలో మా అమ్మాయి ఇంట నాలుగు నెలలు గడిపాను. ఒకనాటి సాయంకాలం పన్నెండేళ్ళ మా మనుమరాలు తెలుగు పాఠం నడుమ పుస్తకం మూసి, "తాతయ్యా, జాన్ర అన్నమాటను తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి గనుక తడుముకోవడం నామోషీ అనిపించి, వెంటనే "జాతి" అన్నాను. అన్నది తప్పూ కాదు. భరతముని నాట్యశాస్త్రంలో రాగాలకు పూర్వరూపాలైన పదునెనిమిదింటిని జాతులనే అన్నాడు. మన తాళాలలో తిస్రం, చతురస్రం మొదలైన అయిదూ జాతులే. పైగా ఫ్రెంచివారి జాన్రకు మూలమైన లాటిను మాటా, మన జాతికి మూలమైన 'జన్' ధాతువూ తోబుట్టువులు. ఇంత వ్యుత్పత్తి కలిసిన మాట మరొకటి దొరకదని లోలోపల మురిసిపోయాను.

ఆ పిల్ల మొగం చిట్లించి, "జాతి అంటే రేస్ కదా?" అన్నది.

అప్పుడు ఆ పిల్ల తాను ఎందుకు అడిగిందో చెప్పింది. ఆ నెలల్లో అమెరికా అంతటా ఒకటే పాట, ఓల్డ్ టౌన్ రోడ్. పాడినవాడు లిల్ నాస్ ఎక్స్ అనే ఇరవయ్యేళ్ళ నల్లజాతి కుర్రవాడు, అట్లాంటా పరిసరాలవాడే. గుర్రం, టోపీ, దుమ్ము రేగే బాట, పాట సరంజామా అంతా కంట్రీ సంగీతానిది. ఆ మార్చి నెలలో బిల్‌బోర్డ్ పత్రిక దానిని ముందు తన కంట్రీ పట్టికలో 19వ స్థానాన చేర్చి, వెంటనే తొలగించింది. నేటి కంట్రీ సంగీతపు లక్షణాలు అందులో చాలినన్ని లేవన్నది వారిచ్చిన సమాధానం. ఏప్రిల్‌లో బిల్లీ రే సైరస్ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు గొంతు కలిపిన రూపం వెలువడింది. పాట పత్రికవారి ప్రధాన పట్టికలో 19 వారాలు అగ్రస్థానాన నిలిచింది. కంట్రీ పట్టికలోకి మాత్రం మరలా రానివ్వలేదు. బడిలో పిల్లలందరూ దీనినే వాదించుకుంటున్నారట. "అతను నల్లగా ఉన్నాడనేనా తాతయ్యా?" అన్న ఆమె ప్రశ్నకు ఆనాడు నావద్ద జవాబు లేదు. తరువాత కొన్నేళ్ళపాటు తీరిక దొరికినప్పుడల్లా చదివినది ఈ టపాలో పెడుతున్నాను. సంగీతం నాకు శాస్త్రీయంగా రాదు. నేను పట్టుకున్నది మాటల చరిత్ర మాత్రమే. దోషాలుంటే విజ్ఞులు సవరింతురుగాక.

కథ మొదలు 1920 ఆగస్టులో. న్యూయార్కులో ఓకే అనే రికార్డుల సంస్థ మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని చేత క్రేజీ బ్లూస్ పాడించింది. రచయిత పెర్రీ బ్రాడ్‌ఫర్డ్, ఆయనా నల్లవాడే. అంతవరకు గ్రామఫోను వర్తకులకు నల్లవారు రికార్డులు కొంటారన్న ఊహ లేదు. క్రేజీ బ్లూస్ వేలకు వేలు చెల్లింది. ఆ దెబ్బతో కళ్ళు తెరచి, మరుసటి ఏటినుండి ఓకేవారు నల్లజాతి గాయకుల రికార్డులకు 8000తో మొదలయ్యే వేరు వరుస సంఖ్య కేటాయించారు. ఆ వరుసకు స్థిరపడ్డ పేరు 'రేస్ రికార్డ్స్'. ఆ పేరు పెట్టిన ఘనత తనదేనని ఓకే సంస్థలో పనిచేసిన రాల్ఫ్ పీర్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేటి చెవికి 'రేస్ రికార్డ్స్' అన్నది తిట్టువలె వినబడుతుంది. ఆనాటి నల్లవారికి అలా వినబడలేదు. చికాగో డిఫెండర్ అనే నల్లవారి పత్రిక 1905లో పుట్టింది. అందులో తమవారిని నీగ్రోలనడానికి మారుగా 'రేస్' అని వ్రాసుకొనేవారు. 'రేస్ మనిషి' అంటే తన జాతి మేలుకై నిలిచినవాడని గౌరవార్థం. ఓకేవారు ఆ పత్రికలోనే ప్రకటనలు వేసి సరకు అమ్మవలసినవారు గనుక కొనుగోలుదారుల నోటి మాటనే ఎరువు తెచ్చుకున్నారు. మన పండితుల పరిభాషలో చెప్పాలంటే యోగార్థం ఒకటి, రూఢ్యర్థం మరొకటి. పలికే నోటిని బట్టి అదే మాట ఒకచోట పతాకం, ఇంకొకచోట ప్రహరీ.

ఆ మాటను పతాకంగానే ఎత్తిపట్టినవారూ లేకపోలేదు. 1921లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి న్యూయార్కులో బ్లాక్ స్వాన్ అనే సంస్థ స్థాపించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో నల్లహంస అని పేరొందిన గాయని ఎలిజబెత్ టేలర్ గ్రీన్‌ఫీల్డ్ జ్ఞాపకార్థం ఆ పేరు. డుబాయిస్ మహాశయుడు దాని నిర్వాహకవర్గంలో ఉన్నాడు. పేస్ ఆశయం బ్లూస్ ఒక్కటే కాదు, ఒపెరా పాటలు, భక్తిగీతాలు, శాస్త్రీయ వాయులీనం, నల్లవారు పాడగలిగినదంతా వినిపించాలని. జనం మాత్రం ఎథెల్ వాటర్స్ పాడిన బ్లూస్‌నే ఎగబడి కొన్నారు. పోటీ పెరిగింది, రేడియో వచ్చింది, సంస్థ దివాలా తీసి 1924లో పారమౌంట్ అనే తెల్లవారి సంస్థ చేతికి చేరింది. పారమౌంట్ దగ్గర అప్పటికే ఒక రేస్ వరుస ఉంది. నల్లవారు అన్నీ పాడగలరని చూపదలచిన సంస్థ చివరకు నల్లవారు పాడేది ఇదేనన్న అరలో ఒదిగింది.

ఇక నన్ను అన్నిటికన్న ఎక్కువ నిలిపివేసిన ఘట్టం మా అమ్మాయి ఉండే ఊరిలోనే జరిగింది. 1923 జూన్‌లో రాల్ఫ్ పీర్ అట్లాంటాకు యంత్రాలు తెచ్చి, నసావ్ వీధిలో ఒక ఖాళీ కట్టడంలో తాత్కాలికంగా ధ్వనిముద్రణశాల అమర్చాడు. రమ్మన్నవాడు పోక్ బ్రాక్‌మన్ అనే సామాన్ల వర్తకుడు. (ఆ రోజుల్లో గ్రామఫోనంటే బల్లలు, బీరువాల కోవలోది గనుక రికార్డులూ ఆ దుకాణాలలోనే అమ్మేవారు.) ఆ గదిలో లూసిల్ బోగన్, ఫానీ మే గూజ్‌బీ అనే నల్లజాతి గాయనులు పాడారు. అదే గదిలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్లజాతి ముదుసలి ఫిడేలు వాయిస్తూ పాడాడు. కార్సన్ గొంతు పీర్‌కు ఏవగింపు కలిగించిందట. బ్రాక్‌మన్ పట్టుబట్టి అయిదువందల ప్రతులు తీయించుకొంటే అవి ఇట్టే అమ్ముడుపోయాయి. కంట్రీ సంగీత వ్యాపారానికి నాంది అదేనంటారు.

ఓకేవారి ఒకే గది, ఒకే యంత్రం, ఒకే వారం. బయటికి వచ్చేసరికి బోగన్, గూజ్‌బీల పాటలు 8000 వరుసలో చేరాయి. కార్సన్ వేరు దారి పట్టాడు. అప్పటికి అతని దారికి పేరు లేదు. 1925లో వర్జీనియా, ఉత్తర కరొలైనా కొండసీమల నుండి న్యూయార్కు వచ్చిన ఒక బృందాన్ని పీర్ మీ పేరేమిటని అడిగితే, నాయకుడు ఆల్ హాప్‌కిన్స్ మేము కొండమీది బైతులం, ఏమనైనా పిలుచుకోండి అన్న ధోరణిలో జవాబిచ్చాడట. పీర్ వారిని 'హిల్ బిల్లీస్' అన్నాడు. అది ఆ సంగీతానికంతకూ పేరై కూర్చుంది. హిల్‌బిల్లీ అంటే మన పల్లెటూరి బైతు. పేదతెల్లవారిని నగరాల తెల్లవారు వెక్కిరించే మాట. మా మనుమరాలి ప్రశ్నకు వర్ణం సగమే జవాబని నాకు ఇక్కడ తెలిసింది. పైన ఉన్నవాడు క్రింది ఇద్దరికీ చెరొక పేరు తగిలించి, ఇద్దరూ ఒకరి పాట ఒకరికి అమ్ముకోకుండా రెండు అంగళ్ళు తెరిచాడు.

పాటలు మాత్రం ఆ హద్దును ఎన్నడూ మన్నించలేదు. హిల్‌బిల్లీల ముఖ్యవాద్యమైన బాంజో ఆఫ్రికా నుండి బానిసలతో వచ్చినది. కంట్రీకి పితామహుడని పేరొందిన జిమ్మీ రాజర్స్ 1930 జులైలో హాలీవుడ్‌లో బ్లూ యోడెల్ 9 పాడుతుంటే ప్రక్కన ట్రంపెట్ ఊదినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించినది ఆయన భార్య లిల్. కార్టర్ కుటుంబం పాటల కోసం కొండపల్లెలు తిరిగినప్పుడు వెంట ఉండి, బాణీలు గుర్తుపెట్టుకొని వచ్చి అందించినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లవాడు. నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీకి ఆ పేరు వచ్చింది 1927లో, డిఫర్డ్ బెయిలీ అనే నల్లవాడు మౌతార్గాన్ వాయించిన రాత్రి. ఆ బెయిలీని 1941లో కొలువునుండి తీసివేశారు. ఆ తరువాత ఆయన జోళ్ళు పాలిష్ చేసే దుకాణం నడుపుకొని బ్రతికాడు.

ఆ రెండు అంగళ్ళ నడుమ గోడ ఎంత గట్టిదో తెలియాలంటే ఆలెన్ సోదరుల సంగతి వినాలి. టెనెసీకి చెందిన ఈ ఇద్దరు తెల్లవారూ 1927లో కొలంబియా సంస్థకు బ్లూస్ పాడి ఇచ్చారు. కొలంబియాకు నల్లవారి పాటలకు 14000 వరుస, తెల్లవారి పల్లెపాటలకు 15000 వరుస ఉన్నాయి. పాట విన్న గుమాస్తా ఎవరో నల్లవారనుకొని దానిని 14000లో వేయించాడు. సోదరులు మండిపడి రెండున్నర లక్షల డాలర్లకు దావా వేస్తామని లేచారు. తరువాత కొలంబియాను వదలి విక్టర్ సంస్థకు పోయారు. వారిని నిందించి లాభం లేదు. నల్లవారి వరుసలో పేరు కనబడితే తెల్లవారి వేదికలు మూసుకుపోయే రోజులు అవి. నాకు వింతగా తోచినది మాత్రం వేరు. చెవి చెప్పిన దానిని బట్టి ఆ గుమాస్తా చేసినది సరియైన వర్గీకరణమే. ఆ పాట నిజంగా ఆ తరహా పాటే. చెవి చెప్పినది తప్పని తీర్పు చెప్పినది చర్మం.

సంస్థల జాబితాలనుండి ఈ పేర్లు పత్రికలకు ఎక్కడం తరువాతి అంకం. బిల్‌బోర్డ్ 1942లో న్యూయార్కు హార్లెమ్‌లోని కొన్ని దుకాణాల అమ్మకాలను బట్టి 'హార్లెమ్ హిట్ పెరేడ్' అని పట్టిక వేసింది. 1945లో జ్యూక్ బాక్సుల లెక్కతో దానిని రేస్ రికార్డుల పట్టిక చేసింది. యుద్ధానంతరం ఆ మాట ఎబ్బెట్టుగా తోచసాగింది. ఆ పత్రికలో పనిచేసే జెరీ వెక్స్‌లర్ అనే యువకుడు 'రిథమ్ అండ్ బ్లూస్' అని సూచించగా 1949 జూన్ 25 సంచికనుండి పేరు మారింది. అదే సంచికలో 'కంట్రీ అండ్ వెస్టర్న్' కూడ నిలిచింది. ఇద్దరికీ మర్యాదైన పేర్లు దొరికాయి, అంగళ్ళు మాత్రం రెండే. వెక్స్‌లర్ పేరులో కనీసం సంగీతముంది. లయ, బ్లూస్, రెండూ చెవికి సంబంధించినవి. పేరు పెట్టేవాడు ఇంత శ్రద్ధ చూపిన సందర్భాలు ఈ చరిత్రలో తక్కువ.

ఎందుకంటే ఆ పట్టిక పేరు అక్కడితో ఆగలేదు. 1969లో అది 'సోల్' అయింది. 1982లో ఏకంగా 'బ్లాక్' అన్నారు. 1990లో మరలా రిథమ్ అండ్ బ్లూస్, 1999లో దానికి హిప్‌హాప్ జోడింపు. నడుమ 1963 నవంబరు చివరినుండి 1965 జనవరి వరకు పట్టికే లేదు. నల్లవారి పాటలు, తెల్లవారి పాటలు కలగలిసిపోయి విడదీయడం కష్టమైనదని దానిని మానుకొన్నట్లు చెబుతారు. ఆ పదునాలుగు నెలలు ఏ ప్రళయమూ రాలేదు. అయినా పట్టికను తిరిగి తెచ్చారు. దానిని తెమ్మన్నవారిలో నల్లజాతివారూ ఉండి ఉంటే నేను ఆశ్చర్యపడను. వేరు పట్టిక ఉంటేనే చిన్న గాయకుడి పేరు ఒక్కసారైనా అచ్చులో కనబడుతుంది. గోడ అంటే అడ్డు, గోడ అంటే నీడ కూడా.

ఆ రోజుల్లోనే రే చార్లెస్ 1962లో కంట్రీ పాటలను తన బాణీలో పాడి ఒక ఆల్బం వేశాడు. అది దేశమంతా మ్రోగింది. చార్లీ ప్రైడ్ అనే నల్లజాతి కంట్రీ గాయకుడి తొలి రికార్డులను మాత్రం 1966లో అతని బొమ్మ లేకుండా రేడియో కేంద్రాలకు పంపారు. ముందు గొంతు చేరాలి, తరువాత ముఖం. గొంతు నచ్చింది. 1971లో కంట్రీ సంగీత సంఘం ఆయనకు అత్యున్నత పురస్కారమిచ్చింది. 1969లో ఆప్రీ వేదికపై పాడిన తొలి ఏకల నల్లజాతి గాయని లిండా మార్టెల్. ఆమె పాటలు వేసిన సంస్థ పేరు ప్లాంటేషన్ రికార్డ్స్. ప్లాంటేషన్ అంటే ఆమె పూర్వులు బానిసలుగా చాకిరి చేసిన ప్రత్తితోట. ఆ పేరు కనబడే పళ్ళెం మీదనే ఆమె పేరూ అచ్చయింది. కొద్దికాలానికే ఆమె ఆ రంగం విడిచింది.

టెలివిజన్ కాలంలో గోడకు 'రాక్' అని పేరు పెట్టారు. 1981 ఆగస్టులో మొదలైన ఎమ్‌టీవీ తొలిరోజుల్లో నల్లజాతి గాయకులు అరుదు. మాది రాక్ వాహిని అన్నది వారి సమాధానం. రాక్ అండ్ రోల్ పుట్టినదే రిథమ్ అండ్ బ్లూస్ కడుపున అన్నది వారెరుగనిదా? సూపర్ ఫ్రీక్ పాట తిరస్కృతమైన రిక్ జేమ్స్ బహిరంగంగానే దుమ్మెత్తి పోశాడు. 1983 ఆరంభంలో తెల్లవాడైన డేవిడ్ బౌయీ తనను ముఖాముఖి చేస్తున్న వ్యాఖ్యాతనే నిలదీశాడు, నల్లవారు ఇంత తక్కువ ఎందుకని. చిన్న ఊళ్ళవారు బెదిరిపోతారన్న తీరున ఆ వ్యాఖ్యాత ఏదో నసిగాడు. ఆ సంవత్సరమే మైకెల్ జాక్సన్ బిల్లీ జీన్ వచ్చి తలుపు తోసింది. లక్షణశాస్త్రం పైకి ఎంత నిష్పక్షపాతంగా కనబడినా దాని అన్వయం ఎవరి చేతిలో ఉన్నదో చూడాలని మా గురువుగారు అలంకారశాస్త్రం చెబుతూ అనేవారు. ఆయన కావ్యదోషాల గురించి అన్నారు, నాకు ఎమ్‌టీవీ గుర్తుకు వచ్చింది.

ఇక 'అర్బన్'. నా వంటి తెలుగు పండితుడికి ఈ మాట పెద్ద విందు. 1970లలో న్యూయార్కు రేడియోలో ఫ్రాంకీ క్రాకర్ అనే నల్లజాతి వ్యాఖ్యాత తన కార్యక్రమాల కలగూరగంపకు 'అర్బన్ కాంటెంపరరీ' అని పేరు పెట్టాడు. బ్లాక్ అంటే ప్రకటనదారులు జంకుతారు, అర్బన్ అంటే జంకరు. అర్బన్ అంటే నగర సంబంధి. మనకు నగరమునుండి నాగరికత వచ్చింది, నాగరకుడంటే సరసుడు. అమెరికాలో తెల్లవారు శివార్లకు తరలిపోయి నగరమధ్యంలో నల్లవారు మిగలడంతో ఆ మాట గుట్టుగా వారి మీదికి వాలింది. అభిధలో నగరం, వ్యంజనలో నల్లరంగు. మమ్మటుడికి ఈ ఉదాహరణ దొరికి ఉంటే వదిలేవాడు కాదు. వ్యంజనకు ఉన్న సుఖం ఏమంటే, అన్నవాడు నేనలా అనలేదని తప్పుకోవచ్చు.

2020 జనవరిలో టైలర్ ద క్రియేటర్ అనే గాయకుడు గ్రామీ పురస్కారం అందుకొని కూడా, మా వంటి రంగున్నవారు ఏది పాడినా ర్యాప్ లేదా అర్బన్ అరలోనే పెడతారని, అర్బన్ అన్నది పాత తిట్టుమాటకు మర్యాద ముసుగని వాపోయాడు. ఆ మే నెలలో జార్జి ఫ్లాయిడ్ హత్య జరిగింది. జూన్‌లో రిపబ్లిక్ అనే సంస్థ ఆ మాట వాడటం మానివేసింది. గ్రామీవారు 'అర్బన్ కాంటెంపరరీ'ని 'ప్రోగ్రెసివ్ ఆర్ అండ్ బీ' అని మార్చారు. ఆ నవంబరులోనే 'వరల్డ్ మ్యూజిక్' పురస్కారం 'గ్లోబల్ మ్యూజిక్' అయింది.

ఈ చివరి పేరుతో మనకు చుట్టరికముంది. 'వరల్డ్ మ్యూజిక్' అన్నది ఎప్పటినుండో ఉన్న మాటే అయినా, దుకాణపు అర పేరుగా అది స్థిరపడినది 1987 జూన్‌లో. లండనులో ఒక మద్యశాల మేడమీద చిన్న చిన్న రికార్డు సంస్థలవారు సమావేశమై, ఏ అరలో పెట్టాలో దుకాణదారుకు తెలియక తమ సరకు మరుగున పడుతున్నదని, దానికొక పేరుండాలని తీర్మానించుకున్నారు. వారి ఉద్దేశం మంచిదే. ఫలితం చూడండి. అట్లాంటాలో ఒక పాతరికార్డుల దుకాణానికి మా అల్లుడు నన్ను తీసుకుపోయాడు. 'వరల్డ్' అన్న పెట్టెలో బల్గేరియా స్త్రీల బృందగానానికి, మాలీ దేశపు వీణకు నడుమ మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కనబడ్డాడు. 1994లో రియల్ వరల్డ్ సంస్థ వేసిన రామ శ్రీరామ. గుండె ఝల్లుమన్నది. మొజార్టుకు వేరు గది ఉన్నది, తలుపు మీద 'క్లాసికల్' అని ఉన్నది. మన సంగీతానికి మాత్రం ప్రపంచమంతా కలిపి ఒక పెట్టె. 'వరల్డ్' అంటే ప్రపంచం కాదు, తాము కాక మిగిలినదన్నమాట! ఆ డిస్కు కొని తెచ్చుకున్నాను, అయిదు డాలర్లు. (మన వేదికల మీద శాస్త్రీయం, జానపదం అని గీసుకున్న గీత వెనుక ఏ వర్ణాలున్నవో నేనెరుగనివాణ్ణి కాను. అది వేరే టపా, వ్రాయడానికి ఇంకొంత ధైర్యం కావాలి.)

2024 ఫిబ్రవరిలో బియాన్సే టెక్సస్ హోల్డెమ్ పాటతో బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో అగ్రస్థానమందుకున్న తొలి నల్లజాతి స్త్రీ అయింది. ఆ పాటలో బాంజో వాయించినది రియానన్ గిడెన్స్ అనే నల్లజాతి విదుషి. ఆల్బంలో ముదుసలి లిండా మార్టెల్ గొంతు వినబడుతుంది. ఆమె మాట్లాడేది పాటల జాతుల పేర్ల గురించే. ఆ సంవత్సరం కంట్రీ సంగీత సంఘంవారు బియాన్సేకు ఒక్క నామినేషన్ కూడ ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీవారు ఆ ఏటి ఉత్తమ ఆల్బం పురస్కారమూ, ఉత్తమ కంట్రీ ఆల్బం పురస్కారమూ ఆమెకే ఇచ్చారు.

ఆ వార్త వచ్చిన నాడు మనుమరాలు ఫోను చేసింది. ఇప్పుడు పెద్దదైంది, తెలుగు కొంత మరచింది, ప్రశ్నలు మరువలేదు. "తాతయ్యా, జాన్రకి తెలుగు మాట దొరికిందా?" అన్నది. వర్ణం అందామా అంటే సంగీతంలో వర్ణం అంటే చక్కని రచనావిశేషమే గాని, బయట దాని అర్థం ఇంకా ఘోరం. తెగ అందామంటే అదీ అదే. కులం సరేసరి. మన భాషలో వర్గీకరణకు పనికివచ్చే ప్రతి మాటా ముందే మనుష్యుల మీద ఒకమారు ప్రయోగింపబడి ఉన్నది. ప్రస్తుతానికి 'తీరు' అని చెప్పాను. అది పలచగా ఉన్నదని నాకూ తెలుసు. మిత్రులకు మేలైన మాట తోచితే వ్యాఖ్యలలో తెలుపగోరుతాను. ఆమెకు ఉత్తరం వ్రాయాలి.